చేతులెత్తిన రోజు

మా ఒంగోల్లో ఆ మాటకి రెండక్షరాలే: ఐపీ.
పొగాకు బేరన్ల రంగనాయకులు ఐపీ పెట్టాడని తెలిసిన నాడు
వాళ్ళ అరుగు మీద ఎవరో పేడనీళ్ళు కుమ్మరించారు.
వాళ్ళమ్మాయి పద్మజది నా బెంచీయే.
మర్నాటి నుంచి నేను చివరి బెంచీలో కూర్చున్నాను.
ఎవరూ చెప్పలేదు. నేనే మారాను.

ముప్ఫైయేళ్ళ తర్వాత, టొలీడోలో,
అదే మాటకి యాభైరెండు పేజీలు.

లాయరు డోరతీ కొవాల్స్కి పెన్ను మూత కొరుకుతూ అడిగింది:
ఇంట్లో ఉన్నవన్నీ చెప్పు,
కొన్న ధర కాదు, ఇవాళ వాకిట్లో పెట్టి అమ్మితే ఎంతొస్తుందో అది.
సోఫా ముప్ఫై డాలర్లు. మంచం నలభై. కుట్టుమిషను పాతిక.
గ్రైండరా, అంటే ఏమిటి?
రాయి తిరుగుతుంది, పిండి రుబ్బుతుంది అన్నాను.
రాయికి ఎంత వేయమంటావు?
ఇద్దరం నవ్వాం.
ఆర్నెల్ల తర్వాత నా నవ్వు నాకు వినపడింది.
పది వేసింది. దాన్ని ఎవరూ పట్టుకుపోరులే అంది.

అప్పుల పట్టిక వేరే.
శేషు గుండెలో రెండు స్టెంట్లు, ఎనభైఒక్క వేలు.
ఉద్యోగంతో పాటు ఇన్సూరెన్సు పోయిన పదకొండో రోజున వచ్చింది నొప్పి.
అది కట్టడానికి గీకిన కార్డు,
ఆ కార్డు కట్టడానికి గీకిన ఇంకో కార్డు.
చివర్న కుసుమ దగ్గర చేబదులు, నాలుగు వేలు.
అది రాయొద్దన్నాను.
ఒక్కటి దాచినా మొత్తం అబద్ధమవుతుంది అంది డోరతీ.
చేబదులుకి ఆ ఫారంలో గడి లేదు.
నోటు లేదు, వడ్డీ లేదు, తేదీ గుర్తు లేదు.
‘హామీ లేని అప్పు’ అని రాసుకుంది.
హామీ లేకపోవడమేమిటి,
ఆ రాత్రి హాస్పిటల్‌కి ఇంటిచెప్పులతో
మంచులో నడిచొచ్చింది మనిషి!

కాయితాలు దాఖలు చేసిన వారానికి ఫోను మూగబోయింది.
రోజుకి పదకొండుసార్లు మోగే ఫోను.
పాడైందేమోనని పక్కింటావిడ దగ్గర్నుంచి
నా నంబరుకి నేనే చేసుకున్నాను.
మోగింది.
నాకు నేనే హలో అన్నాను.

ఫెడరల్ భవనంలో ట్రస్టీ హెండర్‌షాట్‌కి జలుబు.
తుమ్మి, రుమాలు మడిచి,
కుడిచెయ్యి పైకెత్తండి అన్నాడు.
చేతులెత్తేశాడు అంటారు మావైపు,
పళ్ళ సందులోంచి ఉమ్మినట్టు.
ఇక్కడ నిజం చెప్పడానికి ఎత్తమంటున్నారు.
ఎత్తాను. గాజులు మోచేతిదాకా జారాయి.
శేషు ముందు ఎడమది ఎత్తి, నాలిక్కరుచుకుని మార్చాడు.

అప్పులవాళ్ళెవరైనా వచ్చారా?
ఆయన తలెత్తి గదంతా చూశాడు.
కార్డు కంపెనీ రాలేదు. హాస్పిటల్ రాలేదు.
నా పేరుని సగానికి విరిచి పిలిచే ఆ ఫోను గొంతూ రాలేదు.
ఉన్నవాళ్ళంతా వంతు కోసం కూర్చున్న మాలాంటివాళ్ళే.
జీపు ఫ్యాక్టరీ జాకెట్టు తొడుక్కున్న ముసలాయన
మోకాలి మీద అరచెయ్యి తుడుచుకుంటున్నాడు.

ఐదు నిమిషాలు. ఎవరూ తిట్టలేదు.
తిట్లకి సిద్ధమై వెళ్ళిన వీపు
కారు దాకా అలాగే వంగి వచ్చింది.

మే నెలలో ఒక్క పేజీ వచ్చింది, పల్చటిది.
దాన్ని రెండోసారి చదివి
ఇంటర్నెట్‌లో పద్మజ కోసం వెతికాను.
పెళ్ళయ్యాక ఇంటిపేరు ఏమైందో తెలీదు,
దొరకలేదు.

తీర్చక్కర్లేదంది చట్టం, తీర్చొద్దనలేదు.
ఆ మాట డోరతీ గుమ్మం దగ్గర చెప్పింది.
కుసుమకి ఫోను చేశాను.
నెలకి యాభై చొప్పున, అంటున్నానో లేదో
“కోర్టు ఉత్తరమా? వచ్చిందమ్మా.
అందులో నా ఇంటిపేరు తప్పు పడింది,
అదెవరి అప్పో నాకేం తెలుసు?
ఇంతకీ ఇడ్లీపిండి ఉందా? పిల్లాడికి జ్వరం.”

పప్పు నానేశాను, పొద్దున్నే తెస్తానన్నాను.